ఆగిపోయిన రియాక్టర్ ఉక్కులో, కాంక్రీటులో మిగిలిన రేడియోధార్మికతను అంచనా వేసే విధానం

ఒక అణు రియాక్టరును శాశ్వతంగా ఆపివేసి, కోర్ నుంచి ఇంధనాన్ని తీసి, శీతలకాన్ని ఖాళీ చేసిన తర్వాత కూడా కోర్‌ను చుట్టి ఉన్న నిర్మాణ పదార్థాలు రేడియోధార్మికంగానే ఉంటాయి. మొత్తం రేడియోధార్మికతలో అత్యధిక భాగం ఇంధనంతోనే వెళ్లిపోతుంది. మిగిలినదానిలో సింహభాగం కోర్‌కు ఆనుకుని ఉన్న ఉక్కు భాగాల్లో ఉంటుంది, కొంత కోర్‌ను లోపల ఇముడ్చుకున్న మందపాటి ఉక్కు పాత్ర అయిన ప్రెషర్ వెసెల్ గోడలో ఉంటుంది, ఇంకొంచెం దాని వెలుపలి కాంక్రీటు కవచపు లోపలి పొరల్లో ఉంటుంది. ఎక్కడ ఏ ఐసోటోపు ఎంత ఉందో రియాక్టరును ముక్కలుగా కోయడం మొదలుపెట్టకముందే తెలియాలి. కార్మికులు ఎంత దూరంలో పనిచేయవచ్చు, ఏ ముక్కను నీటి అడుగున కోయాలి, ఏ వ్యర్థం ఏ తరగతి కిందికి వస్తుంది, ఎంత కాంక్రీటును మామూలు శిథిలంగా వదిలేయవచ్చు అన్న ప్రశ్నలన్నిటికీ జవాబు ఈ అంచనాలోనే ఉంటుంది. ఈ ప్రశ్నల్లో దేనికి జవాబు కావాలో ముందుగా రాసుకోవడం మంచిది. కార్మికుల రక్షణకు కోబాల్ట్-60 ఒక్కటి సరిగా తెలిస్తే దాదాపు సరిపోతుంది కానీ, శాశ్వత నిల్వకు వేల ఏళ్లు బతికే నికెల్-59, నియోబియం-94 వంటివి తెలియాలి, కాంక్రీటు విడుదలకు గ్రాముకు బెకెరెల్‌లో (సెకనుకు ఒక కేంద్రకం క్షీణిస్తే ఒక బెకెరెల్) పదో వంతు స్థాయిలో యూరోపియం-152 తెలియాలి.

ఈ పనిలో అసలు కష్టం సాఫ్ట్‌వేర్‌ను నడపడంలో ఉండదు. నలభై, యాభై ఏళ్ల క్రితం పోసిన ఉక్కులో కోబాల్ట్ ఎంత ఉందో, కాంక్రీటులో నీరు ఎంత మిగిలిందో ఎవరూ రాసిపెట్టకపోవడంలో ఉంటుంది. అందువల్ల ఈ వ్యాసంలో ఎక్కువ చోటు ఆ రెండింటికే దక్కుతుంది.

లెక్కకు లొంగేది, లొంగనిది

మిగులు రేడియోధార్మికత రెండు దారుల్లో వస్తుంది. న్యూట్రాన్లు పదార్థంలోని కేంద్రకాలను తాకి వాటిని రేడియోధార్మిక కేంద్రకాలుగా మార్చడం మొదటి దారి, దీన్ని యాక్టివేషన్ అంటారు. శీతలకంలో కొట్టుకువచ్చిన తుప్పు రేణువులు, లీకైన ఇంధనం నుంచి వచ్చిన పదార్థాలు గొట్టాల లోపలి ఉపరితలాలకు అంటుకోవడం రెండోది, దీన్ని ఉపరితల కాలుష్యం అంటారు. యాక్టివేషన్ పదార్థం లోతు దాకా ఉంటుంది, కడిగితే పోదు, కానీ భౌతిక నియమాలతో లెక్కకట్టడానికి లొంగుతుంది. కాలుష్యం ఉపరితలానికే పరిమితం, కడిగితే చాలావరకు పోతుంది, కానీ రియాక్టర్ రసాయన చరిత్ర మీద ఆధారపడుతుంది కనుక దాన్ని కొలిచి తెలుసుకోవడమే మేలు. ఒకే ఉక్కు ముక్కలో రెండూ ఉన్నప్పుడు ఉపరితలాన్ని గీకి లేదా ఆమ్లంతో కడిగి తీసిన తర్వాతే లోపలి నమూనాను కొలవాలి, లేకపోతే లెక్కకూ కొలతకూ పొంతన కుదరదు. ఇకపై చెప్పేదంతా యాక్టివేషన్ గురించే.

ఏ ఐసోటోపులను లెక్కలోకి తీసుకోవాలి

ఉక్కులో మొదటి పది, ఇరవై ఏళ్లు రాజ్యమేలేది కోబాల్ట్-60. దాని అర్ధాయుష్షు 5.27 ఏళ్లు, అది విడుదల చేసే 1173, 1332 కిలోఎలక్ట్రాన్‌వోల్టుల గామా కిరణాలు ఉక్కు లోపలి నుంచి కూడా బయటికి దూసుకువస్తాయి. ఇనుము నుంచి పుట్టే ఐరన్-55 పరిమాణంలో మొదట్లో కోబాల్ట్‌ను మించినా, దాని అర్ధాయుష్షు 2.7 ఏళ్లే, పైగా అది బలహీనమైన ఎక్స్ కిరణాలను మాత్రమే ఇస్తుంది. సుమారు 100 ఏళ్ల అర్ధాయుష్షు గల నికెల్-63 గామా కిరణాలనే ఇవ్వదు, బలహీనమైన బీటా కణాలను మాత్రమే ఇస్తుంది. అందువల్ల డోసు మీటరుకు అది కనిపించదు, అయినా కొన్ని దశాబ్దాల తర్వాత ఉక్కులో అన్నిటికంటే ఎక్కువగా మిగిలేది అదే. ఆ తర్వాత వచ్చేవి 76,000 ఏళ్ల నికెల్-59, సుమారు 20,000 ఏళ్ల నియోబియం-94, 5,700 ఏళ్ల కార్బన్-14. వీటిలో నియోబియం-94 బలమైన గామా కిరణాలను ఇస్తుంది కాబట్టి, కోబాల్ట్ పూర్తిగా క్షీణించిన తర్వాత కోర్ లోపలి భాగాల దగ్గర డోసును నిర్ణయించేది అదే కావచ్చు.

కాంక్రీటులో పట్టిక వేరు. అక్కడ ముఖ్యమైనవి 13.5 ఏళ్ల యూరోపియం-152, 8.6 ఏళ్ల యూరోపియం-154, కోబాల్ట్-60, లిథియం నుంచి పుట్టే 12.3 ఏళ్ల ట్రిటియం, కాల్షియం నుంచి పుట్టే దీర్ఘకాలిక కాల్షియం-41. గ్రాఫైట్ మందకరంగా (న్యూట్రాన్లను నెమ్మదింపజేసే పదార్థంగా) ఉన్న రియాక్టర్లలో కార్బన్-14, క్లోరిన్-36 ప్రధాన సమస్యలు. వాటికి కారణం చాలావరకు గ్రాఫైట్‌లో చిక్కిన నైట్రోజన్, క్లోరిన్ మలినాలే.

ముందు చేతితో ఒక లెక్క

పెద్ద కోడ్‌ను ముట్టుకునే ముందు కాగితం మీద ఒక లెక్క వేయడం అలవాటు చేసుకోవాలి. ఒక గ్రాము పదార్థంలోని లక్ష్య కేంద్రకాల సంఖ్యను, న్యూట్రాన్ ఫ్లక్స్‌ను (చదరపు సెంటీమీటరు గుండా సెకనుకు సాగే న్యూట్రాన్ల సంఖ్య), చర్య తాలూకు క్రాస్ సెక్షన్‌ను (ఒక్కో కేంద్రకం న్యూట్రాన్‌ను పట్టుకునే అవకాశాన్ని వైశాల్యంగా చెప్పే కొలత) గుణిస్తే సంతృప్త స్థాయి వస్తుంది. పుట్టే రేటు, క్షీణించే రేటు సమానమయ్యే గరిష్ఠ స్థాయి ఇది. రియాక్టర్ నడిచిన కాలంలో ఆ స్థాయిలో ఎంత భాగానికి చేరిందో చూడాలంటే, నడిచిన కాలాన్ని అర్ధాయుష్షుతో భాగించి, వచ్చిన సంఖ్యను ఘాతంగా తీసుకుని సగాన్ని ఆ ఘాతానికి పెంచి, ఫలితాన్ని ఒకటి నుంచి తీసివేయాలి. ఆపిన తర్వాతి క్షయానికి, గడిచిన కాలాన్ని అర్ధాయుష్షుతో భాగించి సగాన్ని ఆ ఘాతానికి పెంచి గుణించాలి.

ఉదాహరణకు బరువులో 0.1 శాతం కోబాల్ట్, 9 శాతం నికెల్ ఉన్న స్టెయిన్‌లెస్ స్టీలును తీసుకుందాం. చదరపు సెంటీమీటరుకు సెకనుకు 10¹² థర్మల్ న్యూట్రాన్ల (ఢీకొని ఢీకొని బాగా నెమ్మదించినవి) ఫ్లక్స్‌లో అది 30 ఏళ్లు ఎడతెగకుండా ఉందనుకుందాం. ఒక గ్రాములో సుమారు 1.02 × 10¹⁹ కోబాల్ట్ కేంద్రకాలు ఉంటాయి, సహజ కోబాల్ట్ అంతా కోబాల్ట్-59 కనుక అన్నీ లక్ష్యాలే. క్రాస్ సెక్షన్ 37.2 బార్న్‌లు, అంటే 3.72 × 10⁻²³ చదరపు సెంటీమీటర్లు. మూడింటినీ గుణిస్తే గ్రాముకు 3.8 × 10⁸ బెకెరెల్. 30 ఏళ్లలో అది 98 శాతం సంతృప్తికి చేరుతుంది, ఆపిన పదేళ్లకు అందులో 27 శాతం మిగులుతుంది. అంటే గ్రాముకు దాదాపు 10⁸ బెకెరెల్.

అదే ఉక్కులో నికెల్-63ను చూద్దాం. నికెల్‌లో 3.63 శాతం మాత్రమే నికెల్-62, దాని క్రాస్ సెక్షన్ సుమారు 14.5 బార్న్‌లు. సంతృప్త స్థాయి గ్రాముకు 4.9 × 10⁸ బెకెరెల్ వస్తుంది, కానీ అర్ధాయుష్షు దీర్ఘం కనుక 30 ఏళ్లలో చేరేది అందులో 19 శాతమే. పదేళ్ల తర్వాత గ్రాముకు 8.4 × 10⁷ బెకెరెల్ ఉంటుంది, అంటే కోబాల్ట్-60తో దాదాపు సమానం. యాభై ఏళ్లు ఆగితే కోబాల్ట్-60 గ్రాముకు 5 × 10⁵కు పడిపోతుంది, నికెల్-63 మాత్రం 6.4 × 10⁷ దగ్గరే ఉంటుంది. కోతను పదేళ్లకు బదులు యాభై ఏళ్లకు వాయిదా వేస్తే కార్మికులకు తగిలే డోసు రెండు వందల వంతుకు తగ్గుతుంది కానీ, వ్యర్థపు తరగతి మారకపోవచ్చు అన్న వాదన ఈ నాలుగు అంకెల్లోనే ఉంది.

ఈ చేతి లెక్కకు రెండు హద్దులు ఉన్నాయి. మొదటిది లక్ష్యం తరిగిపోవడం. 10¹² ఫ్లక్స్ దగ్గర 30 ఏళ్లలో కోబాల్ట్‌లో మూడున్నర శాతమే ఖర్చవుతుంది, దాన్ని పట్టించుకోనక్కర్లేదు. కోర్‌ను ఆనుకున్న భాగాల్లో ఫ్లక్స్ 10¹⁴కు చేరితే మాత్రం అదే కాలంలో కోబాల్ట్-59లో మూడు శాతమే మిగులుతుంది. అక్కడ తరుగుదలను లెక్కించని సూత్రం కోబాల్ట్-60ను దాదాపు పది రెట్లు ఎక్కువ చేసి చూపిస్తుంది. రెండోది క్రాస్ సెక్షన్‌కు సంబంధించినది. పట్టికల్లో ఇచ్చే విలువ సెకనుకు 2200 మీటర్ల వేగం గల న్యూట్రాన్లకు వర్తిస్తుంది. నీరు 300 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటే న్యూట్రాన్ల సగటు వేగం పెరిగి, థర్మల్ వర్ణపటం మీద సగటు విలువ పట్టిక విలువలో సుమారు 63 శాతానికి దిగుతుంది. మరోవైపు కోబాల్ట్‌కు 132 ఎలక్ట్రాన్‌వోల్టుల దగ్గర పెద్ద రెజోనెన్స్ (ఆ శక్తి దగ్గర క్రాస్ సెక్షన్ ఒక్కసారిగా ఎగబాకే శిఖరం) ఉంది కనుక, థర్మల్ కంటే ఎక్కువ శక్తి గల న్యూట్రాన్లు కొంత అదనంగా చేరుస్తాయి. ఒకటి తగ్గిస్తే మరొకటి పెంచుతుంది. రెండూ సరిగ్గా రద్దవుతాయన్న ఆశ పెట్టుకోకూడదు.

పదార్థంలో అసలేముంది

ఇనుము, క్రోమియం, నికెల్ శాతాలు ఉక్కు తయారీ ధ్రువపత్రంలో దొరుకుతాయి. కోబాల్ట్ చాలాసార్లు దొరకదు, ఎందుకంటే ఉక్కు బలానికి దానితో పనిలేదు, అది నికెల్ ఖనిజంతో పాటు, పాత ఇనుప తుక్కుతో పాటు దొంగచాటుగా వచ్చి చేరుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలులో అది సాధారణంగా 0.05 నుంచి 0.2 శాతం వరకు, వెసెల్ గోడకు వాడే కార్బన్ ఉక్కులో 0.01 నుంచి 0.02 శాతం దరిదాపుల్లో ఉంటుంది. ఒకే ప్రమాణం కింద కొన్న రెండు పలకల మధ్య కూడా రెండు మూడు రెట్ల తేడా రావచ్చు, తుది అంచనాలోని తేడా కూడా అంతే అవుతుంది. ఫ్లక్స్ లెక్కలో పది శాతం కచ్చితత్వం కోసం వారాల తరబడి కంప్యూటరును నడిపి, కోబాల్ట్‌కు మాత్రం ఏదో పుస్తకంలోని సగటు విలువను పెట్టేయడం ఈ రంగంలో తరచూ కనిపించే వింత.

కోబాల్ట్ ఒక్కటే కాదు. స్థిరీకరించిన స్టెయిన్‌లెస్ రకాల్లో నియోబియంను కావాలనే కలుపుతారు. అలాంటి రకం ఒక్క వెల్డు పూతలో ఉన్నా నియోబియం-94 లెక్క పూర్తిగా మారిపోతుంది కనుక, ఏ భాగానికి ఏ రకం ఉక్కు వాడారో నిర్మాణ పటాల్లో వెతకాలి. కవాటాల సీట్ల మీద, కంట్రోల్ రాడ్ యంత్రాంగంలో అరుగుదలను తట్టుకోవడానికి వాడే స్టెలైట్ మిశ్రమంలో సగానికి పైగా కోబాల్టే ఉంటుంది. బరువులో అవి చాలా చిన్నవి కానీ, జాబితాలో వాటిని మరిస్తే డోసు పటంలో కారణం తెలియని చుక్కలుగా బయటపడతాయి. ఉక్కులోని నైట్రోజన్ కార్బన్-14కు మూలం.

కాంక్రీటులో యూరోపియం మిలియన్ భాగాల్లో ఒక భాగం దరిదాపుల్లోనే ఉంటుంది. కానీ యూరోపియం-151కు థర్మల్ న్యూట్రాన్లను మింగే క్రాస్ సెక్షన్ వేల బార్న్‌లలో ఉండటం వల్ల ఆ కాస్త చాలు. దాని పరిమాణం కంకర ఏ రాతి నుంచి వచ్చిందో దాని మీద ఆధారపడుతుంది, సున్నపురాయి కంకరలో తక్కువగా, గ్రానైటులో ఎక్కువగా ఉండటం మామూలు. బయటి గోడ నుంచి, న్యూట్రాన్లు చేరని చోట నుంచి తీసిన కాంక్రీటు కూడా అదే రోజుల్లో అదే గని కంకరతో పోసినదైతే మంచి ప్రతినిధి అవుతుంది.

నమూనాలు దొరికితే వాటిని ప్లాస్మా మాస్ స్పెక్ట్రోమెట్రీతో గానీ, చిన్న ముక్కను పరిశోధనా రియాక్టరులో మళ్లీ న్యూట్రాన్లకు గురిచేసి గామాలను కొలిచే పద్ధతితో గానీ విశ్లేషించాలి. వెసెల్ ఉక్కు ఎలా పెళుసవుతోందో కనిపెట్టే నిఘా కార్యక్రమం కోసం భద్రపరిచిన, రియాక్టరులో పెట్టని తునకలు ఏవైనా ఉన్నాయేమో ముందు అడగాలి, అవి బంగారంతో సమానం. ఏదీ దొరకనప్పుడు ఒక్క సంఖ్యకు కట్టుబడకుండా, నమ్మదగిన కనిష్ఠ, గరిష్ఠ విలువల మధ్య వ్యాప్తిని తీసుకుని లెక్క మొత్తం ఆ వ్యాప్తితోనే నడపాలి.

న్యూట్రాన్ ఫ్లక్స్

కోర్ బయటి వరుసలోని ఇంధన కట్టలే బయటికి వచ్చే న్యూట్రాన్లకు ప్రధాన మూలం. ఆ వరుసల శక్తి పంపిణీని ప్రతి ఇంధన దఫాకు విడిగా తీసుకోవాలి, ఎందుకంటే వెసెల్ గోడను కాపాడటానికి చాలా రియాక్టర్లు మధ్యలో ఎప్పుడో పాత ఇంధనాన్ని అంచులకు మార్చాయి. జీవితకాలపు సగటును వాడితే చివరి ఏళ్లలో పుట్టిన కోబాల్ట్-60 ఎక్కువగా లెక్కకు వచ్చే ప్రమాదం ఉంది. ఆ మూలం నుంచి ఎంసీఎన్‌పీ, సెర్పెంట్ వంటి మోంటే కార్లో కోడ్‌తో (ఒక్కో న్యూట్రాన్ దారిని యాదృచ్ఛికంగా అనుసరించేది) గానీ, నిర్ణీత గ్రిడ్ మీద పరిష్కరించే కోడ్‌తో గానీ ప్రతి భాగంలోని ఫ్లక్స్‌ను శక్తి వర్గాల వారీగా రాబట్టి, దాన్ని ఆరిజెన్ లేదా ఫిస్‌పాక్ట్ వంటి యాక్టివేషన్ కోడ్‌కు అందించాలి. భాగాలను ఎంత చిన్నగా విడగొట్టాలన్నది ఫ్లక్స్ ఎంత వేగంగా మారుతుందో చూసి తేల్చుకోవాలి. కోర్ మధ్య ఎత్తులో మీటరు పొడవును ఒకే గదిగా తీసుకోవచ్చు కానీ, కోర్ పై అంచు దాటగానే ఫ్లక్స్ వేగంగా పడిపోతుంది కనుక అక్కడ గదులు సన్నగా ఉండాలి.

వెసెల్ దాటిన తర్వాత లెక్క నిజంగా కష్టమవుతుంది. వెసెల్‌కూ కాంక్రీటుకూ మధ్య ఉన్న ఖాళీలో, గొట్టాలు వెళ్లే రంధ్రాల్లో, డిటెక్టర్ల గుంటల్లో న్యూట్రాన్లు అడ్డు లేకుండా ప్రవహించి, ఊహించని చోట కాంక్రీటును తాకుతాయి. కాంక్రీటు లోపలికి వెళ్లే కొద్దీ ఫ్లక్స్ స్థూలంగా 20 నుంచి 30 సెంటీమీటర్లకు పదో వంతు చొప్పున పడిపోతుంది. అయితే థర్మల్ ఫ్లక్స్ గరిష్ఠం కాంక్రీటు ముఖం మీద కాకుండా కొన్ని సెంటీమీటర్ల లోపల ఉంటుంది, ఎందుకంటే వేగంగా వచ్చిన న్యూట్రాన్లు నెమ్మదించడానికి కొంత దూరం కావాలి. వాటిని నెమ్మదింపజేసేది ప్రధానంగా కాంక్రీటు నీటిలోని హైడ్రోజన్. దశాబ్దాల వేడికి లోపలి ముఖం దగ్గర కాంక్రీటు ఎండిపోయి ఉంటుంది. పోసినప్పటి నీటి శాతాన్ని లెక్కలో పెడితే న్యూట్రాన్లు నిజంగా వెళ్లిన లోతు కంటే తక్కువ లోతు చూపిస్తుంది, ఆ పొరపాటు టన్నుల కొద్దీ కాంక్రీటును తప్పు పక్కన పడేస్తుంది. కాంక్రీటులోని ఇనుప చువ్వలను విడి పదార్థంగా లెక్కించాలి, వాటిలోని కోబాల్ట్ చుట్టూ ఉన్న కాంక్రీటులోకంటే చాలా ఎక్కువ.

మోంటే కార్లో ఫలితం పక్కన ముద్రించే గణాంక దోషాన్ని మొత్తం అనిశ్చితిగా పొరబడకూడదు. కోడ్ మీరు ఇచ్చిన జ్యామితికి, మీరు ఇచ్చిన పదార్థానికి రెండు శాతం లోపు జవాబిచ్చానని మాత్రమే చెబుతుంది. మీరు ఇచ్చినవి నిజమో కాదో దానికి తెలియదు.

నడిచిన చరిత్ర

దీర్ఘకాలిక ఐసోటోపులకు జీవితకాలంలో ఉత్పత్తి అయిన మొత్తం ఉష్ణశక్తి తెలిస్తే చాలు. ఐరన్-55, కోబాల్ట్-60 వంటివాటికి చివరి పది, పదిహేనేళ్ల చరిత్రను నెలవారీగా ఇవ్వాలి. ఆపడానికి ముందు రెండేళ్లు మరమ్మతుల కోసం నిలిచిన రియాక్టరుకు సమంగా నడిచినట్టు సగటు వేస్తే ఐరన్-55 బాగా ఎక్కువగా వస్తుంది.

కొలతతో సరిచూడటం

ఇప్పుడు లెక్కను నిజంతో ముఖాముఖి నిలపాలి. ఉక్కు భాగాల నుంచి చిన్న పెచ్చులను, కాంక్రీటు నుంచి లోపలి ముఖం మొదలుకొని లోతుగా దొలిచిన స్తంభాకార నమూనాలను తీసుకుని, లోతు వారీగా ముక్కలు చేసి, జెర్మేనియం డిటెక్టరుతో గామాలను, ద్రవ సింటిలేషన్ పద్ధతితో ఐరన్-55, నికెల్-63, ట్రిటియంలను కొలవాలి. నమూనాలను కనీసం మూడు చోట్ల తీయాలి: కోర్ మధ్య ఎత్తులో, కోర్ అంచు దగ్గర, న్యూట్రాన్లు దొంగదారిలో వచ్చే అవకాశం ఉన్న ఒక రంధ్రం పక్కన.

ఇక్కడ ఒక సులువైన చిట్కా ఉంది. ఉక్కులో ఇనుము ఎంతో మనకు కచ్చితంగా తెలుసు కాబట్టి, కొలిచిన ఐరన్-55 నుంచి ఆ చోట ఉన్న థర్మల్ ఫ్లక్స్‌ను వెనక్కి లెక్కించవచ్చు. అదే నమూనాలో కోబాల్ట్-60ను ఆ ఫ్లక్స్‌తో పోల్చితే కోబాల్ట్ శాతం బయటపడుతుంది. లెక్కకు, కొలతకు మధ్య రెండు రెట్ల తేడా వచ్చినప్పుడు తప్పు ఫ్లక్స్‌లో ఉందా, మలినంలో ఉందా అన్నది ఈ నిష్పత్తి తేల్చిచెబుతుంది. ఆపిన పదేళ్ల తర్వాత కూడా ఐరన్-55లో 8 శాతం మిగిలి ఉంటుంది, ముప్పై ఏళ్లు దాటితే మాత్రం ఈ దారి మూసుకుపోతుంది. అందుకే కోతను దశాబ్దాలు వాయిదా వేయాలనుకున్నా నమూనాలను ముందే తీసి కొలిచి పెట్టుకోవాలి.

గామాలు ఇవ్వని ఐసోటోపులను ప్రతి ముక్కలో కొలవడం సాధ్యం కాదు కనుక, కొన్ని నమూనాల్లో వాటికీ కోబాల్ట్-60కీ ఉన్న నిష్పత్తిని కట్టి, మిగతా ముక్కలకు కోబాల్ట్-60 కొలత మీద ఆ నిష్పత్తిని వర్తింపజేస్తారు. పైన వేసిన చేతి లెక్కలో నికెల్-63కూ కోబాల్ట్-60కీ నిష్పత్తి పదేళ్లకు 0.84, యాభై ఏళ్లకు 120కి పైన. తేదీ లేని నిష్పత్తి ఎందుకూ కొరగాదు. ఒక రకం ఉక్కుకు కట్టిన నిష్పత్తిని మరో రకానికి వాడకూడదు, ఎందుకంటే అది నికెల్, కోబాల్ట్ శాతాల మీద ఆధారపడుతుంది.

అమెరికాలోని ట్రోజన్ రియాక్టర్ వెసెల్‌ను 1999లో లోపలి భాగాలతో సహా ఒకే పొట్లంగా కొలంబియా నది మీద పడవలో హాన్‌ఫోర్డ్‌కు తరలించి పూడ్చారు. వెసెల్‌ను తెరవకుండా అలా పంపాలంటే లోపల ఏ ఐసోటోపు ఎంత ఉందో లెక్క మీద నమ్మకం కుదరాలి, ఎందుకంటే ఆ తర్వాత సరిచూసుకునే అవకాశం ఉండదు.

విడుదల హద్దు, నివేదిక

అంతర్జాతీయ అణుశక్తి సంస్థ 2004 మార్గదర్శకంలో పెద్ద మొత్తపు ఘన పదార్థాలకు సూచించిన విలువలు గ్రాముకు బెకెరెల్‌లలో ఇవి: కోబాల్ట్-60, యూరోపియం-152, నియోబియం-94లకు 0.1, కార్బన్-14కు 1, ట్రిటియం, నికెల్-63లకు 100, ఐరన్-55కు 1000. పలు ఐసోటోపులు కలిసి ఉన్నప్పుడు ఒక్కోదాన్ని దాని హద్దుతో భాగించి, వచ్చిన భాగాలను కలిపితే మొత్తం ఒకటికి మించకూడదు. గ్రాముకు యూరోపియం-152 0.05, కోబాల్ట్-60 0.03, ట్రిటియం 20 బెకెరెల్ ఉన్న కాంక్రీటులో ఏదీ విడిగా హద్దు దాటలేదు, కానీ 0.5, 0.3, 0.2 కలిస్తే సరిగ్గా ఒకటవుతుంది. అనిశ్చితిని కలుపుకుంటే దాన్ని వదిలేయడానికి వీల్లేదు. దేశీయ నియంత్రణ సంస్థ హద్దులు వీటికి భిన్నంగా ఉంటే అవే చెల్లుతాయి.

నివేదికలో ప్రతి అంకె ఏ తేదీకి క్షయం సరిచేసినదో, ఏ కోబాల్ట్ శాతం తీసుకున్నారో, అది కొలిచినదా ఊహించినదా, లెక్కకూ కొలతకూ నిష్పత్తి ఎక్కడ ఎంత వచ్చిందో భాగాల వారీగా రాయాలి. ఇన్‌పుట్ ఫైళ్లను, వాడిన న్యూక్లియర్ డేటా గ్రంథాలయపు పేరును, సంచికను కూడా జతచేయాలి, ఎందుకంటే ఆ అంకెలను మళ్లీ తెరిచి చూసేది ఇరవై ముప్పై ఏళ్ల తర్వాత, ఆ రియాక్టరును ఎన్నడూ నడుస్తుండగా చూడని వాళ్లు.